ఎత్తు చుక్కలు

మెట్ల కింద మిషన్ గది

వదినకి,

ఇవాళ్టి నుంచి మన పాత బ్రెయిలీ ప్రింటరు పేరు అత్తగారు. మా అమ్మని మనసులో పెట్టుకుని అన్న మాట కాదు, కాబట్టి నువ్వు అంత సంబరపడక్కర్లేదు. ప్రెస్సులోకి కొత్త కోడలు అడుగుపెట్టింది, అందుకని ఆ పేరు. కోడలు తెల్లగా, నాజూగ్గా, సూట్‌కేసంత ఉంది. చుక్కలు పొడుస్తున్నా పెద్దగా చప్పుడు చెయ్యదు. మేనేజరుగారు దాని పక్కన నిలబడి మురిసిపోతుంటే మూలనుంచి అత్తగారు ఎప్పటిలాగే దబదబా కొడుతూనే ఉంది. ఆ దెబ్బలు చెవికంటే ముందు నా గుండెకి వినబడతాయి. ఇన్నేళ్ళుగా అలవాటై, ఆవిడ ఆగితే నాకు ఊపిరి ఆగినట్టుంటుంది.

ఇప్పుడు నా పని చెప్తే నవ్వుతావు. పై అంతస్తులో అందరివీ కొత్త కంప్యూటర్లు. వాళ్ళు పుస్తకం టైపు చేసి గాల్లోకి వదిలేస్తారు. అత్తగారికి గాలి మాటలు అర్థం కావు. ఆవిడ భాష మాట్లాడగలిగేది నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు చూపించే ఆ పాత కంప్యూటరొక్కటే. అందుకని రెండిళ్ళ మధ్య పెళ్ళిళ్ళ పేరయ్యలాగా ఒక చిన్న కంప్యూటర్ని కూర్చోబెట్టాను. పైవాళ్ళు చెప్పింది అది వింటుంది, విన్నది ఆకుపచ్చ తెరకి నచ్చజెబుతుంది, ఆకుపచ్చ తెర లావుపాటి కేబుల్లోంచి అత్తగారికి చేరవేస్తుంది. మొన్న ఊడుస్తుంటే చీపురు తగిలి, గోడ వెంబడి పోయే పాత నెట్‌వర్కు తీగ చివరి బిరడా ఊడిపోయింది. ఆ బుల్లి బిరడా లేకపోతే ఆ తీగ మీదున్న ఏ యంత్రమూ నోరు విప్పదు. సగం పూట అందరూ నన్ను అనుమానంగా చూశారు. చివరికి బల్ల కింద పాక్కుంటూ వెళ్ళి, దుమ్ములో దాన్ని వెతికి బిగించాను. గది మొత్తానికి ఒకేసారి మెలకువ వచ్చింది.

మధ్యాహ్నం అయ్యేసరికి వెంటిలేటరులోంచి ఎండ సన్నగా దిగి కీబోర్డు మీద పడుతుంది. కీల మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆ ఎండలో కాగితం దుమ్ము తేలుతుంటుంది, అత్తగారు కొడుతుంటుంది, నాకు కళ్ళు తెరిచి ఉండగానే నిద్ర పట్టేస్తుంది. నువ్వు మా ఇంటికి కొత్తగా వచ్చిన రోజులు గుర్తొస్తాయి. వంటింటి బల్ల మీద గింజలు పేర్చి నాకీ చుక్కలు నేర్పావు. చూపున్న పిల్లకి ఇదెందుకని మా అమ్మ సణిగితే, "మా ఇద్దరికీ రహస్యాలుండొద్దా అత్తయ్యా" అన్నావు. ఆ రహస్యాలే నాకు ఉద్యోగమయ్యాయి చూడు.

ఫోన్ చెయ్యమని అన్నయ్య పోరుతున్నాడు. చేస్తే స్పీకర్ పెట్టి మధ్యలో దూరతాడు. నాకు ఇదే హాయి. పిల్లల లెక్కల పుస్తకం ప్రూఫులు వేరే కట్టలో వస్తున్నాయి. ఎప్పటిలాగే తప్పులు పట్టి పంపించు. నీ వేళ్ళ కింద పడి తప్పించుకున్న తప్పు ఈ ప్రెస్సులో ఇంతవరకూ లేదు.

నీ మరదలు


వసారా, ఆయన కుట్టుమిషన్ పక్క బల్ల

మరదలా,

మీ అమ్మ పైనుంచి చూస్తున్నా ఆవిడకి బ్రెయిలీ రాదు కాబట్టి ధైర్యంగా నవ్వాను. మీ అన్నయ్య బట్ట కత్తిరిస్తూ ఎందుకు నవ్వుతున్నావని అడిగారు. ఏమీ లేదన్నాను. ఈ ఇంట్లో నాకంటూ ఉన్న ఆస్తి ఈ "ఏమీ లేదు" ఒక్కటే. మిగతావన్నీ ఆయన చూస్తారు, ఆయనే చెబుతారు. చొక్కా రంగు, పక్కింటివాళ్ళ మొహం, అద్దంలో నా మొహం కూడా. నీ ఉత్తరం మాత్రం ఆయన ముక్కు కిందే పెట్టుకుని చదువుతాను. ఆయనకవి ఉత్త చుక్కలు.

మా ఆరు మీటల బ్రెయిలీ టైపుమిషను కులాసా. నేనూ కులాసానే. సాయంత్రాలు వసారాలో కూర్చుంటే ఆయన కుట్టుమిషను ఒకవైపు, చూరు నీళ్ళు ఒకవైపు, రెంటి మధ్యా నాకు ఎక్కడున్నానో తెలియకుండా పోతుంది. చెప్పు కాలినుంచి జారిపోతే కూడా తెలియలేదు. ఒంటికాలి చెప్పుతో వీధి చివరిదాకా నడిచానట. ఆయన పరిగెత్తుకొచ్చి తొడిగి నవ్వారు.

ఒక మాట. అత్తగారికి ఒంట్లో సత్తువ తగ్గినట్టుంది. చుక్కలు మునుపటంత నిక్కచ్చిగా లేచి రావడం లేదు. లైను చివరికొచ్చేసరికి మరీ డీలా పడుతున్నాయి. నీ ఉత్తరమైతే నీ మాటతీరు తెలుసు కాబట్టి ఊహించుకుంటూ పోతాను. లెక్కల పుస్తకంలో ఊహించుకోవడం కుదరదు కదా. సుత్తులు కాస్త గట్టిగా కొట్టేలా చూడు. తిడుతున్నాననుకోకు. ప్రూఫురీడరుగా చెబుతున్నాను.

నీ వదిన


మెట్ల కింద మిషన్ గది

వదినకి,

నువ్వు చెప్పాక నేను ఊరుకుంటానా? అత్తగారి పైమూత విప్పాను. లోపల రబ్బరు రోలరు గట్టిపడిపోయింది. గరుకు కాగితంతో రుద్ది దారికి తెచ్చాను. సూదుల్ని కొట్టే చిన్న సుత్తులకి ఒక్కోదానికీ ఒక మర ఉంటుంది, అన్నిటినీ కొంచెం బిగించాను. నా కంటికైతే చుక్కలు బానే ఉన్నాయి. కానీ కంటికేం తెలుసు, నీడలు చూసి చదివే రకం నాది. నీ వేలు తప్పంటే తప్పే.

ఇంకో సంగతి చెప్పాలా వద్దా అనుకున్నాను. లెక్కల పుస్తకంలో ఒక లైను రెండుసార్లు పడిందని బడివాళ్ళు ఉత్తరం రాశారు. నువ్వు చూసి పంపిన పేజీయే అది. మేనేజరుగారు నన్ను పిలిచి నీ సంగతి అడిగారు. ప్రూఫుల్లో ఆ తప్పు లేదనీ, అచ్చు వేసేటప్పుడు పాత ప్రింటరే లైను మళ్ళీ కొట్టిందనీ తడుముకోకుండా చెప్పేశాను. నీ పేరు మీదికి రానిస్తానా? కాకపోతే ఆ మాటకి అత్తగారి ఖాతాలో ఇంకో నేరం పడింది. ఇక ఎందుకండీ ఆ పాత సామాను అని ఆయన మొదలుపెట్టారు. కొత్త కంప్యూటర్ల ఇంజనీరు మాత్రం పాపం మంచివాడు, అది చేసే పని అది చేస్తోంది కదండీ అన్నాడు. నాకు అతనికి మంచినీళ్ళు తెచ్చి ఇవ్వాలనిపించింది.

ఆకుపచ్చ తెర కంప్యూటర్ని ఇప్పుడు ఆపడం లేదు. ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. దాని ఫ్యాను చప్పుడు పిల్లి గురకలా ఉంటుంది. కొన్నిసార్లు ఆ గదిలో యంత్రాలే మెలకువగా ఉండి, నేను వాటి కలలో వచ్చి పోతున్నట్టు ఉంటుంది. కాళ్ళు నేల మీద ఆనవు. ఇలాంటి మాటలు పైన ఆఫీసులో అంటే సెలవు పెట్టుకోమంటారు.

ఈ ఉత్తరం చుక్కలు ఎలా ఉన్నాయో మొహమాటం లేకుండా చెప్పు.

నీ మరదలు


వసారా, వాన వెలిశాక

మరదలా,

మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. ఇంకా చాలదు. మొదటి పేజీ పరవాలేదు, తర్వాత అంతా తడిసిన గోడలా ఉంది. ఇంకొంచెం బిగించి చూడు.

ఆ డబుల్ లైను సంగతికి నవ్వొచ్చింది. నువ్వన్నట్టు మిషనే కొట్టి ఉంటుందిలే. నన్ను వెనకేసుకొచ్చినందుకు మాత్రం నీకు ఈసారి ఆయన చేత మంచి జాకెట్టు కుట్టించి పంపుతాను. కొలత మారిందా? మారే ఉంటుంది. కూర్చుని చేసే ఉద్యోగం.

నిన్న మధ్యాహ్నం కునుకు తీస్తే ఒక కల వచ్చింది. నా కలల్లో చూడ్డం ఉండదని నీకు తెలుసుగా, ముట్టుకోవడమే ఉంటుంది. ఎంతకీ తరగని ఒక గోడ వెంబడి నడుస్తున్నాను. గోడ నిండా చుక్కలు. అరచేయి ఆనించి నడుస్తూ చదువుతున్నాను. కథ ఎంత బాగుందంటే, నడక ఆపితే ఎక్కడ అయిపోతుందోనని భయం. అందులో మనందరం ఉన్నాం. మీ అమ్మ కూడా మంచిదిగానే ఉంది. పోనుపోను గోడ నునుపెక్కింది. చివరికి కడిగి బోర్లించిన స్టీలు గిన్నెలా అయిపోయింది. కథ అక్కడే ఉందని తెలుస్తోంది, అందడం లేదు. ఆయన లేపి మంచినీళ్ళిచ్చారు. కలలో చేతులు గాల్లో ఆడిస్తున్నానట.

ఏమీ లేదులే. అజీర్తి కల. నువ్వు ఆ మరలు బిగించు.

నీ వదిన


మెట్ల కింద మిషన్ గది

వదినకి,

ఇది కొత్త కోడలి చేతిరాత. మొదటిసారి దీనితో నీకు ఉత్తరం వేస్తున్నాను. ఎందుకో చెబుతాను, కంగారుపడకు.

నువ్వు చాలదన్నావని మరలు ఇంకా బిగించాను. అప్పటికీ నాకు తృప్తి లేక, సుత్తుల్ని కదిపే తీగచుట్టలకి కరెంటు కొంచెం పెంచాను. ఒక పూటంతా అత్తగారు పూనకం వచ్చినట్టు కొట్టింది. కాగితం అటువైపు చిల్లులు పడేలా కొట్టింది. ఆహా ఇక మా వదిన చూసుకుంటుందిలే అని నేను గర్వంగా నిలబడి ఉన్నాను. అంతలో కాలిన వాసన వచ్చింది. ఒక చుట్ట మాడిపోయింది. ఆ వెంటనే గదిలో నిశ్శబ్దం. వదినా, ఆ నిశ్శబ్దం ఎలా ఉందంటే నేను స్టూలు మీద కూర్చుండిపోయాను.

ఆ చుట్టలు ఇప్పుడెవరూ తయారు చెయ్యడం లేదు. వీధి చివర ఫ్యాన్లకీ మోటార్లకీ తీగ చుట్టే వైండింగ్ ఆయన ఉన్నాడు. తీసుకెళ్ళి చూపించాను. వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసి, ఎంతో జాగ్రత్తగా చుట్టారు ఎవరో అన్నాడు. మళ్ళీ చుట్టగలరా అంటే చూద్దామన్నాడు. అంతే, ఇంకేం హామీ ఇవ్వలేదు.

మేనేజరుగారు ఒక తీర్మానానికి వచ్చారు. కోడలు వేసిన చుక్కలు ప్రూఫురీడరుగారికి సుఖంగా అందితే అత్తగారు పాత సామాన్ల వాడికి పోతుంది. అందకపోతే ఉంచి బాగు చేయిస్తారు. అంటే తీర్పు నీది. అందుకే ఈ ఉత్తరం. నాకోసం అబద్ధమాడొద్దు. ఈ చుక్కలు నీకు హాయిగా ఉంటే ఉన్నాయని చెప్పెయ్యి. నాకు ఏడుపొస్తుంది, వస్తే వచ్చింది. నీ వేళ్ళకి సుఖమైతే నేను ఆ మూల ఖాళీని చూడ్డం అలవాటు చేసుకుంటాను.

నీ మరదలు


వసారా

మరదలా,

ప్రేమ ఎక్కువై మతి పోయిందా? కవరు నిండా ఖాళీ కాగితాలు పంపావు. నున్నటి కొత్త కాగితాలు, రెండువైపులా తడిమి తడిమి చూశాను. అచ్చు వెయ్యకుండానే మడిచి పెట్టేసినట్టున్నావు. ఆయనకి చూపిస్తే మా చెల్లెలు ఇంతే అని వారం రోజులు నవ్వుతారని దిండు కింద దాచేశాను.

అత్తగారి ఆరోగ్యం ఎలా ఉంది? మరలు బిగించావా? ఈసారి కాగితం కొట్టాక పంపు.

నీ వదిన


మా ఇల్లు, కిటికీ దగ్గర

వదినా,

ఇది మిషను మీద కాదు. నువ్విచ్చిన బ్రెయిలీ రాతపలక పెట్టి, అట్ట మీద, చేత్తో పొడుస్తున్నాను. ఒక్కో చుక్కా రెండుసార్లు పొడుస్తున్నాను. అందుకే కొన్ని మాటలే.

ఆ కాగితాలు ఖాళీవి కావు. వాటి నిండా ఉత్తరం ఉంది.

మిషను తప్పు కాదని ఇప్పుడు తెలిసింది. నాకు కోపం లేదు. ఎప్పటినుంచి ఇలా ఉంది?

నీ మరదలు


వెనక గది, తలుపు వేసుకుని

అమ్మలూ,

నీ అట్ట చదవడానికి నాకు ఒక పూట పట్టింది. ఎడమచేతి చిటికెనవేలు ఒక్కటే ఇంకా కాస్త మాట వింటోంది. దానితో ఒక్కో చుక్కా వెతుక్కుంటూ చదివాను. "ఖాళీవి కావు" అన్న చోట చేయి తీసేశాను. మళ్ళీ పెట్టాను. అలాగే ఉంది.

ముందు కాళ్ళు. చెప్పు జారిన సంగతి నీకు తమాషాగా రాశాను కదా, అది తమాషా కాదు. షుగరు వల్ల నరాలు మొద్దుబారుతున్నాయని డాక్టరు చెప్పింది. తర్వాత వేళ్ళ చివర్లు. మొదట్లో ఎప్పుడూ తొడుగు వేసుకుని ముట్టుకుంటున్నట్టు ఉండేది. పొద్దున్నే కొంచెం బాగుండేది, అందుకని ప్రూఫులు పొద్దున్నే చదివేదాన్ని. తర్వాత పొద్దున్న కూడా పోయింది. మొన్న ఆయన కింద పడేసిన సూది ఏరిస్తుంటే, "నెత్తురు, నెత్తురు" అని ఆయన చెయ్యి పట్టుకునేదాకా గుచ్చుకున్నట్టే తెలియలేదు. పనిలో చూసుకోలేదని నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

ఆ డబుల్ లైను నేను వదిలేసినదే. మిషనుది కాదు. అయినా నీకు రాసేటప్పుడు చుక్కల మీదికే నెట్టాను. ప్రింటరుది అయితే బాగుపడుతుంది కదా అని నాకే నేను చెప్పుకున్నాను. నువ్వు ప్రతిసారీ మరలు బిగిస్తుంటే నాకు ఇంకొంచెం రోజులు దొరికినట్టుండేది. నా మాట పట్టుకుని నువ్వు ఆ ముసలిదాని ప్రాణం తీశావు. అది చుట్ట మాడి ఆగిపోయిందని ఈరోజు ఆయన మీ ప్రెస్సుకి ఫోన్ చేస్తే తెలిసింది. నువ్వు ఆ ఖాళీ కాగితాల్లో ఇదే రాసి ఉంటావు. నా వల్లే.

చదువు పోతుందని కాదు నా బాధ. ఫోను చదివి వినిపిస్తుంది, వార్తలూ కథలూ అన్నీ. కానీ నీ ఉత్తరాన్ని నేనెప్పుడూ చెవితో వినలేదే. అది నా వేళ్ళలోంచే నాలోకి వచ్చేది, ఎవరి గొంతూ మధ్యలో ఉండేది కాదు. పుట్టినప్పటి నుంచీ నాకన్నీ ఎవరో ఒకరు చెప్పినవే. నాకు నేనుగా తెలుసుకున్నవి ఈ చుక్కలొక్కటే. అవి పోతే నేను పూర్తిగా ఇంకొకరి నోటి మీద ఆధారపడి బతకాలి. ఆ ఇంకొకరు ఎంత మంచివారైనా.

ఇకనుంచి మామూలు అక్షరాల్లో రాయి. ఆయన చదివి వినిపిస్తారు. ఆయన ఏది చదివినా నడుము ముప్పైనాలుగు, చేయి పొడుగు పద్దెనిమిది అన్నట్టే ఉంటుంది. అలవాటు పడతాను. ఇది మాత్రం కొట్టగలుగుతున్నాను. టైపు కొట్టడానికి వేలికి బరువు ఉంటే చాలు.

నీ వదిన


మెట్ల కింద మిషన్ గది

వదినకి,

మామూలు అక్షరాల్లో రాయను. నీ ఇష్టం వచ్చింది చేసుకో.

నీ ఉత్తరం చదివి మొదట తిట్టుకున్నాను, గట్టిగానే. తర్వాత ఏడ్చాను. ఆ తర్వాత మళ్ళీ తిట్టుకున్నాను. ఇన్ని నెలలు నా చేత మరలు బిగింపించావు, ఒక్కసారి "నా వేళ్ళే తల్లీ" అని అనలేకపోయావా? అనలేవని నాకూ తెలుసు. నా చూపు మసకబారితే నేను చెబుతానా, బల్బు మార్చమంటాను.

అత్తగారు లేచింది. వైండింగ్ ఆయన ఆ చుట్టని విప్పి, వెంట్రుకంత తీగని మళ్ళీ చుట్టాడు. రెండుసార్లు తెగింది, మూడోసారి నిలిచింది. ఇంజనీరు పక్కన కూర్చుని ఆకుపచ్చ తెరలోంచి ఒక్కో సూదినీ విడివిడిగా కొట్టించి చూశాడు. కరెంటు మామూలుకి దించేశాను, మరలు వదులు చేశాను. ఇక ఎవరు చెప్పినా పెంచను. ఇప్పుడు నువ్వు పట్టుకున్న కాగితం తను కోలుకున్నాక కొట్టిన మొదటిది. నీ వేళ్ళకి అందదని తెలుసు. అయినా దీన్ని ఇంకెవరి గొంతులోనూ పెట్టను. చదవలేకపోతే దాచిపెట్టు. సెలవు దొరకగానే వచ్చి, నీ చెయ్యి పట్టుకుని నేనే చదువుతాను.

మేనేజరుగారు నీ తీర్పు కోసం ఎదురుచూస్తున్నారు. నేనేమీ చెప్పలేదు. అది నీ నోటితోనే రావాలి.

ఇక అన్నయ్యకి తెలియకూడని మాట. అసలు నాకే ఇంకా పూర్తిగా తెలియని మాట. చుట్ట బిగించిన రోజు వైండింగ్ ఆయన గది గుమ్మంలో నిలబడి అత్తగారి దెబ్బలు విన్నాడు. చాలాసేపు విన్నాడు. ఇంటికి వెళ్తే తనకీ నిశ్శబ్దమేనని, భార్య పోయాక కావాలనే దుకాణంలో నాలుగైదు ఫ్యాన్లు ఊరికే తిప్పుకుంటూ కూర్చుంటానని చెప్పాడు. తర్వాత నేలచూపులు చూస్తూ అడిగాడు. "మీకు అభ్యంతరం లేకపోతే, మిగిలిన రోజులు ఒకచోట ఉందామా అండీ?" నేను ఇంత వయసొచ్చాక ఎవరూ అడగరనుకున్న మాట అది. కీబోర్డు తుడుస్తూ ఉండిపోయాను. అరిగిపోయిన మీటల్ని ఎంతసేపు తుడిచానో. ఎండ వెళ్ళిపోయింది, ఆయనా వెళ్ళిపోయాడు.

వదినా, ఏం చెప్పమంటావు? అమ్మ లేదు. అన్నయ్య ముందు కొలతలు తీస్తాడు, తర్వాతే మాట్లాడతాడు. నాకు నువ్వే ఉన్నావు. నువ్వే చదవాలి.

నీ మరదలు


వసారా, పొద్దున్న

మరదలా,

చదివాను. నేనే చదివాను.

ఎలాగంటే, ముందు చిటికెనవేలితో మొదలుపెట్టాను. "అన్నయ్యకి తెలియకూడని మాట" దాకా పోయింది, అక్కడ అది కూడా మొరాయించింది. ఎంత పాపిష్టి వేలో చూడు, సరిగ్గా అక్కడే. దాని పక్క వేలూ చూశాను, బొటనవేలూ, మణికట్టూ, మోచేయీ కూడా. ఏం లాభం? నీ కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఏడుస్తుంటే కింది పెదవికి ఏదో తగిలింది. గరుకుగా, వరసగా. ఏడుపు దానంతటదే ఆగిపోయింది. కాగితం కొంచెం జరిపాను. ఆరు చుక్కల జాగాలో రెండు. తర్వాత నాలుగు. పెదవి చదువుతోంది.

వేలు పరిగెత్తిన చోట పెదవి పాకుతోంది. మాట మాటకీ కాగితం తడవకుండా తుడుచుకోవాలి, మెడ పట్టేస్తోంది. గుమ్మంలో నిలబడ్డ మనిషి నోరు తెరిచేదాకా రావడానికి నాకు రెండురోజులు పట్టింది. ఆ రెండురోజులూ వంట చేస్తున్నా, స్నానం చేస్తున్నా అతను ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, నా కలలోకీ వచ్చి ఫ్యాన్లు తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఇంత నెమ్మదిగా నేను ఏ ఉత్తరమూ చదవలేదు. ఇంత బాగా కూడా చదవలేదు.

నవ్వొచ్చే సంగతి చెప్పనా? అత్తగారి చుక్కలు పెదవికి మరీ మొరటు. గీరుకుపోయింది. దిండు కింద కాగితాలు తీసి చూస్తే కోడలి చుక్కలు మెత్తగా, సరిగ్గా సరిపోయాయి. కాబట్టి నాకు రాసే ఉత్తరాలు ఇకమీదట కోడలి చేత వేయించు. నువ్వు అంత కష్టపడి లేపిన ఆవిడ నాకు పనికి రాలేదని బాధపడకు. మేనేజరుగారికి విడిగా రాశాను. నా వేళ్ళ సంగతి దాచకుండా చెప్పి, ప్రూఫుల పని మానుకుంటున్నానని రాశాను. రాశాక తేలికపడ్డాను. ఆ డబుల్ లైను నాదేనని కూడా రాశాను. పాత ప్రింటరుని మాత్రం తీసెయ్యొద్దన్నాను. నాతోపాటు అంధుల హాస్టల్లో చదివినవాళ్ళు సగం మంది కుర్చీలకి కేను అల్లుతారు, వాళ్ళ వేళ్ళన్నీ కాయలు కాసి ఉంటాయి. వాళ్ళకి ఎత్తు చుక్కలే కావాలి. రెండూ ఉండాలి, రెంటి మధ్యా మా మరదలు ఉండాలి అని రాశాను.

ఇక నీ మాట. నన్ను అడిగావు కాబట్టి చెబుతున్నాను. తెగిన తీగని మూడోసారి కూడా ఓపిగ్గా చుట్టిన మనిషి. మళ్ళీ వస్తే కీబోర్డు తుడవడం ఆపి, మొహం చూసి మాట్లాడు. నీకు ఇష్టమని నాకు తెలిసిపోయింది. ఇష్టం లేని మనిషి గురించి ఎండ వెళ్ళిపోయిందని ఎవరూ రాయరు.

చివరి లైను మీద పెదవి ఆనించి ఉండగా మీ అన్నయ్య వచ్చారు. నన్ను అలా చూసి గుమ్మంలోనే ఆగినట్టున్నారు, అడుగుల చప్పుడు ఆగింది. ఆకలేస్తే చెప్పొచ్చు కదా, కాగితం తినడమెందుకు అన్నారు. దగ్గరికొచ్చి నా పక్కన కూర్చున్నారు. నా వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని చూశారు. ఆయనకి అన్నీ ఎప్పుడో తెలుసని అప్పుడర్థమైంది.

వేళ్ళు వదలకుండానే అడిగారు. "ఏం రాసిందేంటి మా చెల్లెలు?"

"మిషను బాగయిందట" అన్నాను.

నీ వదిన